గుడ్ ఫ్రైడే శనివారం పడిన షీటు

ఆఖరుసారి నెలసరై బయట చేరింది ఏ తారీకున అని అడిగితే ఈ ప్రాంతంలో ఆడవాళ్లు తారీకు చెప్పరు, పండుగ చెబుతారు. ఉగాదికి రెండు దినాల ముందు. మొహర్రం పీర్లు లేచిన తెల్లారి. సద్దుల బతుకమ్మ నాడే, ఆడుకోవడానికి పోలేదు గదా, అందుకే యాదికున్నది. దీన్ని వెనకబాటుతనమని రాసిపారేసిన సర్వేలు బోలెడున్నాయి. నాకైతే ఇంతకంటే గట్టి పద్ధతి కనబడలేదు. తారీకు ఒట్టి అంకె, ఎవరైనా మరిచిపోతారు. అందరూ పండుగ చేసుకుంటుంటే తానొక్కతే పక్కకు కూర్చున్న రోజును ఏ ఆడదీ మరిచిపోదు.

ఈ సంగతి గ్రహించి దానికి తగ్గ పనిముట్టు తయారు చేసుకున్న మనిషి ఎస్తేర్. మొయినాబాద్‌కూ చేవెళ్లకూ మధ్య, రోడ్డు మీంచి మూడు కిలోమీటర్లు లోపలికి పోతే వచ్చే ఊళ్లో ఆశా కార్యకర్త. నలభై రెండేళ్లు. పదో తరగతి పాసైంది. ఆమెను త్యాగమూర్తి అనీ పల్లె వెలుగు అనీ అనొద్దని ముందే మనవి. పనిలో తిక్క మనిషి. గర్భిణులు మందుబిళ్లలు మింగకుండా చూరులో దాస్తే ఇంటికొచ్చి గట్టిగానే తిడుతుంది. ఆమెలో మెచ్చుకోవలసింది వేరే ఉంది.

ఆశా పనికి రాకముందు ఎస్తేర్ మొయినాబాద్ దగ్గర గులాబీ తోటలో, పూలు కట్టే షెడ్డులో ఆరేళ్లు పనిచేసింది. ఇరవై కాడలు ఒక కట్ట. ఏ మొక్కల వరుస నుంచి ఎన్ని కట్టలు వచ్చాయో సూపర్‌వైజర్ సుకుమార్ తన టాబ్‌లోని ఎక్సెల్ షీటులో ఎక్కించేవాడు. ఒకరోజు ఎస్తేర్ కట్టడం ఆపి అతని భుజం మీంచి తొంగిచూసింది.

"ఏం ఎస్తేరమ్మా, పూలు కట్టుమంటే టాబ్‌ల తల పెడుతున్నవ్?"

"ఆ పై లైను కదలకుంట ఎట్ల నిలబెట్టినవ్ సార్? కిందికి పోతుంటే అన్ని పోతయి గదా, గదొక్కటి పోతలేదు."

సుకుమార్ చూపించాడు. చూపించినందుకు వారం రోజులు బాధపడ్డాడు కూడా, ఎందుకంటే తెల్లారి నుంచి ఆమె ప్రశ్నలు ఆగలేదు. ఒక గడిలో రాస్తే ఇంకో గడిలో జవాబు దానంతట అదే ఎట్లా పడుతోంది? ఎర్రరంగు ఎవరు వేస్తున్నారు? చివరికి తన ఫోన్‌లో కూడా అదే యాప్ వేయించుకుంది. అప్పటికి దాంతో ఆమెకు పనేమీ లేదు. చర్చిలో ఆదివారం పాఠశాల పిల్లల హాజరు రాసుకునేది.

ఆశాగా చేరాక పని దొరికింది. నాలుగు రిజిస్టర్లు ఇచ్చారు. మొదటి వానాకాలంలోనే రెండు తడిసి అట్టలూడిపోయాయి. ఎస్తేర్ అన్నిటినీ ఫోన్‌లోని షీటులోకి ఎక్కించింది. నాలుగు వందల పైచిలుకు ఇళ్లు, ఒక్కో గర్భిణికి ఒక్కో వరుస. ఎండలో తెర కనబడకపోతే కొంగు తల మీంచి ఫోన్ మీదికి లాక్కుని ఆ నీడలో ఒక్క బొటనవేలితో రాసుకునేది. ఆమె అసలు తెలివి రెండో పేజీలో ఉంది. అక్కడ పండుగల పట్టిక. ఉగాది, శ్రీరామనవమి, రంజాన్, మట్టల ఆదివారం, గుడ్ ఫ్రైడే, ఈస్టర్, బోనాలు, పీర్లు, దసరా, క్రిస్మస్, ఒక్కోదాని ఎదురుగా ఆ ఏటి తారీకు. మొదటి పేజీలో పండుగ పేరు ఎంచుకుని, దానికి ముందో వెనకో ఎన్ని దినాలో రాస్తే చాలు. షీటు తారీకు పట్టుకుని, రెండు వందల ఎనభై రోజులు కలిపి, కాన్పు ఎప్పుడో చెప్పేది. నెలరోజుల్లోకి వస్తే ఆ వరుస ఎర్రబడేది.

ఇది ఆమెకు ఎవరూ చెప్పివ్వలేదు. ఏ శిక్షణలోనూ లేదు. ఆడవాళ్లు మాట్లాడే భాషనే షీటుకు నేర్పింది.

ఉపకేంద్రం నర్సు ప్రేమజ్యోతి మొదట నవ్వింది. "పండుగలు లెక్కేసి కాన్పులు జెప్తవా, పంచాంగం చదువుకున్నవా ఏంది?" ఆరు నెలలు గడిచేసరికి ఆమే, "ఎస్తేర్ షీట్‌ల ఎంతున్నది?" అని అడగడం మొదలుపెట్టింది. గర్భిణుల కార్డు మీద కాన్పు తేదీ రాసే ముందు ఎస్తేర్ ఫోన్ చూడటం అలవాటైపోయింది. ఏ పనిముట్టుకైనా ప్రమాదం వచ్చేది ఇక్కడే. నవ్వేవాళ్లున్నంత కాలం తప్పులు దొరుకుతాయి. నమ్మడం మొదలయ్యాక వెతికేవాళ్లుండరు.

తప్పు 2025 జనవరిలో జరిగింది. పాత ఏడాది షీటును నకలు తీసి కొత్తది చేసుకుంది ఎస్తేర్. అన్నిచోట్లా 2024 అని ఉంది. ఒక్కొక్కటే మార్చడమెందుకని, 2024 కనబడ్డ ప్రతిచోటా 2025 పెట్టమని యాప్‌కు చెప్పింది. యాప్ చెప్పిన మాట విన్నది. సంవత్సరాలు మారాయి, పండుగలు మాత్రం పోయినేటి తారీకుల్లోనే ఉండిపోయాయి. క్రిస్మస్‌కు ఇబ్బంది లేదు, అది ఏటా కదలకుండా కూర్చునే పండుగ. మిగతావి అలా కాదు కదా. ఆ ఏడాది ఉగాది పోయినేటికంటే పది రోజులు ముందే వచ్చింది, గుడ్ ఫ్రైడే ఇరవై రోజులు ఆలస్యమైంది.

ఏడాది పాటు ఇది బయటపడకపోవడానికి కారణం చెప్పుకుంటే మనకే సిగ్గు. రెండో నెలలో స్కానింగ్ చేయించుకున్నవాళ్ల తేదీకీ షీటు తేదీకీ పదేసి, ఇరవయ్యేసి రోజులు తేడా వస్తూనే ఉంది. వచ్చినప్పుడల్లా స్కానింగ్ తేదీ ఎక్కించి, "ఆమెకు సరిగ్గ యాదికి లేదు" అనుకునేవారు. ప్రేమజ్యోతి అట్లాగే అనుకుంది, ఎస్తేర్ అట్లాగే అనుకుంది. అంతమంది ఆడవాళ్లకు ఒకేసారి మతిమరుపు ఎట్లా వచ్చిందని ఎవరికీ అనుమానం రాలేదు. ఆడవాళ్ల జ్ఞాపకం మీదికి తోసేయడం అంత తేలిక.

పూజ తేదీ కూడా ఆ తప్పు లెక్కలోనే పడింది. సాయమ్మ కోడలు, కొండకల్ దగ్గరి రైలు పెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసే సన్నీ భార్య. ఆమెకు గండిపేటలో ఒక కాలేజీ ఆఫీసులో ఉద్యోగం. తొలిచూలు. జూన్‌లో ఎస్తేర్ అడిగితే తడుముకోకుండా చెప్పింది. "మీ గుడ్ ఫ్రైడేకు మాకు సెలవుండె అక్క. దాని తెల్లారి శనివారం ఆఫీసుకు పోతే అక్కడనే." ఎస్తేర్ గుడ్ ఫ్రైడే ఎంచుకుని ఒకటి కలిపింది. షీటు జనవరి నాలుగు అన్నది. ప్రేమజ్యోతి కార్డు మీద జనవరి నాలుగు రాసింది.

తర్వాత పూజ మూడు నెలలు తల్లిగారింట్లో ఉండిపోయి మొదటి స్కానింగ్ తప్పించుకుంది. ఏడో నెలలో తీసిన స్కానింగ్ జనవరి ఇరవై దాటాక అన్నది. అంత ఆలస్యంగా తీసిన స్కానింగ్ రెండు మూడు వారాలు అటూ ఇటూ కావచ్చని అక్కడివాళ్లే చెప్పారు. కార్డే నెగ్గింది. పూజ ఒకట్రెండు సార్లు గొణిగింది.

"అక్క, నాకింక దినాలున్నయనిపిస్తున్నది."

"ఫస్ట్ కాన్పు, నీకేం తెలుస్తదే? సప్పుడు జేయక బిళ్లలు మింగు," అన్నది ఎస్తేర్.

జనవరి నాలుగు వచ్చింది, పోయింది. నొప్పులు రాలేదు. బుధవారం, ఏడో తారీకున, సన్నీ ఫ్యాక్టరీ ఇన్సూరెన్స్ కార్డు చెల్లే ఒక ప్రైవేటు దవాఖానలో చూపిస్తే డేటు దాటింది కాబట్టి చేర్చుకుని తెల్లారి ఆపరేషన్ చేద్దామన్నారు. డాక్టర్ తప్పేమీ లేదు, ఆమె చేతిలో ఉన్న కాగితం అదే చెప్పింది. సాయమ్మ పంతులుకు ఫోన్ చేసి గురువారం పొద్దున పది ఇరవైకి ముహూర్తం కూడా పెట్టించింది.

అదే బుధవారం మధ్యాహ్నం ఎస్తేర్ అంగన్‌వాడీ వరండాలో కూర్చుని కొత్త ఏడాది పండుగలు ఎక్కిస్తోంది. ఈసారి చర్చిలో పంచిన క్యాలెండర్ ముందు పెట్టుకుంది. వారం పేరు కూడా కనబడితే బాగుంటుందని పక్కన ఇంకో నిలువు గడుల వరుస చేర్చి వేలితో కిందికి లాగింది. వేలు కాస్త ఎక్కువ జారి పాత పట్టిక పక్కన కూడా వారాలు పడ్డాయి.

గుడ్ ఫ్రైడే, శనివారం. మట్టల ఆదివారం, సోమవారం. ఈస్టర్, సోమవారం.

పుట్టినప్పటి నుంచి చర్చికి పోతున్న మనిషి. ఏం జరిగిందో అర్థం కావడానికి ఆమెకు నిమిషం పట్టలేదు. తర్వాతి పది నిమిషాల్లో ఆమె చేసిన పనే ఈ వ్యాసం రాయడానికి కారణం. గుండె బాదుకోలేదు, దేవుణ్ణి తలుచుకోలేదు. పండుగ ఆధారంగా లెక్కగట్టిన వరుసలన్నీ విడదీసి చూసింది. పదకొండు. అందులో ఎనిమిదింటికి మొదటి స్కానింగ్ తేదీ ఉంది, ఫికర్ లేదు. మిగిలిన మూడింట్లో ఇద్దరికి ఇంకా నెలల టైమున్నది. మూడో పేరు పూజ. సరైన గుడ్ ఫ్రైడే వేసి చూసింది. జనవరి ఇరవై నాలుగు.

ప్రేమజ్యోతికి ఫోన్ చేసింది. జరిగింది ఉన్నదున్నట్టు చెప్పింది.

"నిజంగ చూస్తే రేపటికి ఎన్ని వారాలు?"

"ముప్పై ఏడు వారాల ఐదు దినాలు."

"అయితే నెలలు నిండినట్టే గదనే. ఏం గాదు, డాక్టర్లు చూస్కుంటరు. నువ్విప్పుడు పోయి తప్పు రాసిన అంటే ఆశాల మీటింగ్‌ల నిన్ను నిలబెడ్తరు, నీ పక్కకు నన్ను నిలబెడ్తరు. కార్డు మీద చేతిరాత నాది. సప్పుడు జేయక షీట్‌ల మార్చెయ్."

"షీట్ మార్చిన మేడమ్. కార్డు ఎట్ల మార్చాలె?"

ఆ ఆపరేషన్ జరిగుంటే బిడ్డ చచ్చిపోయేదని రాస్తే కథ రక్తి కడుతుంది. అది అబద్ధం. అన్ని వారాలు నిండాక తీసిన బిడ్డల్లో చాలామందికి ఏమీ కాదు. కొందరికి ఊపిరి అందక అద్దాల పెట్టెలో పెట్టాల్సి వస్తుంది. ఆ కొందరిలో ఎవరుంటారో ముందుగా ఎవరికీ తెలియదు. అక్కర్లేని కోత మాత్రం తల్లికి ఖాయం. ఇదంతా ఎస్తేర్‌కు తెలుసు, అది ఆమె పనిలో భాగం. చెప్పకుండా ఊరుకుంటే ఎవరికీ తెలియదని కూడా తెలుసు. స్కూటీ తీసింది.

దవాఖానలో పూజ మంచం మీద కూర్చుని అరటిపండు తింటోంది. పక్కన సాయమ్మ, కిటికీ దగ్గర సన్నీ. ఎస్తేర్ నిలబడే చెప్పేసింది, ఎక్కడా తిప్పకుండా. పోయినేటి పండుగలు ఈ ఏటికి వాడిన, తప్పు నాదే, రేపటికి డేటు కాలేదు.

సాయమ్మకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక లేచి నిలబడింది.

"ఏమే ఎస్తేరు, గంత పెద్ద ఫోను చేత పట్టుకొని తిరుగుతవ్, గుడ్ ఫ్రైడే ఎప్పుడో తెల్వదా నీకు? ఉగాది తప్పినవంటే సరే అందును. గది నీ పండుగే గాదే!"

"నా పండుగే అవ్వ. గందుకే ఎక్కువ సిగ్గయితున్నది."

"సిగ్గయితే ఇంట్ల కూసో. పంతులు పది ఇరవైకి మంచిగున్నదన్నడు. ఇప్పుడు ఆయనకేం చెప్పాలె?"

"నా పేరు చెప్పు. నన్నే తిట్టుమను."

పూజ అరటితొక్క పక్కన పెట్టింది. "నేను చెప్పలేదా అక్క, ఇంక దినాలున్నయని?"

"చెప్పినవ్ బిడ్డా. నువ్వు చెప్పిందే కరెక్టు. నేనే ఇనలేదు."

సన్నీ నవ్వాలో కోప్పడాలో తేల్చుకోలేక డాక్టర్‌ను పిలుచుకొచ్చాడు. డాక్టర్ మనోజ్ఞ, ముప్పై దాటని మనిషి. ఎస్తేర్ చేతిలోంచి ఫోన్ తీసుకుని పండుగల పట్టిక పైనుంచి కిందిదాకా చూసింది. ఏడో నెల స్కానింగ్ కాగితం తెప్పించి పక్కన పెట్టుకుంది.

"ఈ స్కాన్ ఇరవై ఒకటి అంటోంది. మీ కొత్త లెక్క ఇరవై నాలుగు. రెండూ కలుస్తున్నాయి కదా." మళ్లీ ఫోన్ వైపు తిరిగింది. "ఈ షీట్ ఎవరు చేశారు?"

"నేనే మేడమ్."

"ఇవాళ మళ్లీ స్కాన్ చేసి ఉమ్మనీరు చూస్తాను. బాగుంటే రేపటిది వాయిదా. కానీ నోటి మాట మీద మార్చలేను. కార్డు మీద పాత తేదీ కొట్టేసి, ఎందుకు తప్పో రాసి, మీ సంతకం పెట్టాలి."

ఎస్తేర్ పెన్ను అడిగింది. మీటింగులో నిలబెట్టడానికి కావాల్సిన రుజువు తన చేత్తోనే రాసిచ్చింది. 'పండుగల పట్టికలో పోయిన సంవత్సరం తేదీలు ఉండినవి. తప్పు నాది.' నర్సు చేతిరాత ప్రసక్తి అందులో లేదు.

స్కాన్ బాగుంది. సాయంత్రానికి పూజను ఇంటికి పంపారు.

ఇక్కడితో ఆపితే నీతికథ అవుతుంది. ఆపడానికి లేదు, అసలు బరువు ఆ సాయంత్రం నుంచే మొదలైంది. నిర్ణయమైపోయిన ఆపరేషన్‌ను ఆపించిన మనిషి ఇప్పుడు ఎస్తేర్. ఈ మధ్యలో కడుపులో ఏదైనా జరిగితే గుడ్ ఫ్రైడే సంగతి ఎవరికీ గుర్తుండదు. ఎస్తేర్ ఆపింది, బిడ్డ పోయింది, అంతే మిగులుతుంది. సాయమ్మ ఆ మాట అరుగు మీద కూర్చుని ముందే అనేసింది కూడా. "నా మనుమనికేమన్న అయితే దాని ఇంటి ముందర కూసుంట."

డాక్టర్ మూడు దినాలకోసారి రమ్మన్నది, బిడ్డ కదలికలు లెక్కపెట్టుకొమ్మన్నది. ఎస్తేర్ ఇంకో షీటు తెరిచి పూజ ఫోన్‌కు పంపింది. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, మూడు గడులు. అన్నం తిని ఎడమపక్కకు పడుకుని గంటసేపు లెక్కపెట్టాలి. పూజ అక్కడ రాస్తే ఇక్కడ ఎస్తేర్ ఫోన్‌లో కనబడుతుంది. పన్నెండు. పద్నాలుగు. పదకొండు. ఎవరి ఇంట్లోనో చిన్నపిల్లకు పోలియో చుక్కలు వేస్తూ కూడా మధ్యమధ్య ఆ గడులే చూసుకునేది.

ఆ రోజుల్లోనే మిగతా పదిమంది ఇళ్లకూ పోయింది. ప్రతి గడప దగ్గరా అదే మాట. మీకు యాది లేదనుకున్న, మీకు యాదికున్నది, తప్పు నా షీటుది. కొందరు నవ్వారు. చర్చి వెనక ఉండే ప్రేమమ్మ, "నా కోడలిని పది దినాలు మతిమరుపుది అని తిట్టిన. ఇప్పుడు దానికి నువ్వే చెప్పిపో," అని లోపలికి పిలిచింది. ఎస్తేర్ పోయి చెప్పింది. ఇంటికొస్తే ఎస్తేర్ భర్త యోసేపు వేళాకోళానికి ఏ మాత్రం వెనకాడలేదు. "పాస్టర్ గారికి తెలిస్తే ఆదివారం నిన్ను ముందర నిలబెట్టి క్యాలెండర్ చదివిపిస్తడు." మీటింగ్‌లో కూడా నిలబెట్టారు. పావుగంట. ఆ తర్వాత ఆ పట్టికను మిగతా ఆశాలకు కూడా పంపమన్నారు, ఈసారి వారం పేర్లతో సహా.

పందొమ్మిదిన మధ్యాహ్నం గడి ఖాళీగా ఉండిపోయింది. రెండు, రెండున్నర, మూడు. ఫోన్ ఎత్తడం లేదు. ఎస్తేర్ స్కూటీ మీద ఎట్లా పోయిందో ఆమెకే తెలియదు. తలుపు తోసేసరికి పూజ నోరు తెరుచుకుని గుర్రుపెట్టి నిద్రపోతోంది, ఫోన్ మంచం కింద.

"లెవ్వే! లెక్కపెట్టినవా?"

"ఏందక్క, దొంగలు పడ్డట్టు!" పూజ కడుపు మీద చెయ్యి పెట్టుకుంది. "నేను పండుకున్నా ఇది పండుకుంటలేదు. ఇగో, తన్నుతున్నది చూడు."

ఎస్తేర్ గంటసేపు అక్కడే గచ్చు మీద కూర్చుని తానే లెక్కపెట్టింది. సాయమ్మ వంటింట్లోంచి తొంగిచూసి చాయ్ గ్లాసు తెచ్చి ఆమె ముందు ఠక్కున పెట్టి పోయింది. అందులో చక్కెర లేదు. మరిచిపోయిందో, కావాలనే వేయలేదో.

ఇరవై రెండు, గురువారం. తెల్లవారుజామున నొప్పులు మొదలయ్యాయని సన్నీ మెసేజ్ పెట్టాడు. ఆ రోజు ఎస్తేర్‌కు ఉపకేంద్రంలో టీకాల పని, కదలడానికి లేదు. పదకొండు దాటాక ఫోన్ మోగింది. చుట్టూ పిల్లల ఏడుపులు, ఒక చెవి మూసుకుంది.

"ఎస్తేరక్క, అయింది. ఆడపిల్ల. నార్మలే."

"ఏడ్చిందా?"

"ఆఁ?"

"పుట్టంగనే ఏడ్చిందారా? ఊపిరి మంచిగున్నదా?"

"ఏడుస్తనే ఉన్నది అక్క, ఆపుతలేదు. ఇగో, నువ్వే ఇను." ఫోన్ దగ్గరగా పెట్టాడు.

ఎస్తేర్ విన్నది. సన్నగా, కోపంగా, విరామం లేకుండా ఏడుపు. వెనకాల సాయమ్మ గొంతు, "ఫోను మొఖం మీద పెడ్తవేందిరా, పిల్ల బెదురుతది!" ప్రేమజ్యోతి టీకా సూది చేతిలో పట్టుకుని ఎస్తేర్ మొహం వంకే చూస్తూ ఉండిపోయింది. ఎస్తేర్ తల ఊపింది. ప్రేమజ్యోతి తర్వాతి పిల్లను ఒళ్లోకి తీసుకుంది.

షీటు తెరిచి పూజ వరుసలో తారీకు రాసింది ఎస్తేర్. ఆడ. మామూలు కాన్పు. పక్క గడి దగ్గర ఆగింది. సన్నీ అప్పటికే ఫోన్ పెట్టేశాడు. మళ్లీ కలిపింది.

"బరువు చెప్పకుంటనే పెట్టేస్తవేందిరా?"